ఋతువు చెప్పే సాక్ష్యం



ఏటా నవంబరులో, గ్రంథాలయ వారోత్సవాల వేళ ఈ స్మారకోపన్యాసాన్ని ఏర్పాటు చేస్తున్న నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఎవరి స్మృతికి ఈ సభ అంకితమో ఆ గ్రంథపాలకులు కావ్యానికీ అపరాధ పరిశోధక నవలకూ అరలు వేరుగా ఉంచారు గాని మర్యాద వేరుగా చూపలేదు. పాఠకుడు ఏ పుస్తకం అడిగినా ఆ అడగడాన్ని మన్నించాలన్నది వారి నియమం. ఆ నియమమే ఇచ్చిన చనువుతో ఈ సాయంత్రం, పండిత సభల్లో ఎక్కువగా చర్చకు రాని ఒక సాహిత్య శాఖను గురించి, దాన్ని చదవడంలో ఒక పద్ధతిని గురించి మాట్లాడతాను.

ఏ ఋతువులో జరిగే కథను ఆ ఋతువులోనే చదవడం ఆ పద్ధతి. మంచు కప్పిన ఇంట్లో జరిగిన హత్యను చలికాలంలో, సముద్రతీరపు విడిదిలో జరిగిన హత్యను ఎండాకాలంలో చదువుకోవడం ఐరోపా పాఠకుల్లో చాలామందికి అలవాటు. పైకి ఇది తీరిక ఉన్నవాళ్ల ముచ్చటలా కనిపిస్తుంది. ఈ ముచ్చట వెనక ఒక సాహిత్య సూత్రం ఉందని నా ప్రతిపాదన. మేలైన డిటెక్టివ్ నవలలో ఋతువు అలంకారంగా రాదు, సాక్షిగా వస్తుంది. కాలానికి పొసగని వస్తువేదో ఒకటి కనిపించినచోట నేరం బయటపడుతుంది. కాలం తెలిసినవాడికే అకాలం కనిపిస్తుంది. కాబట్టి కాలంతో పాటు చదవడం ఈ సాహిత్యానికి తగిన శిక్షణ.

ముందుగా చరిత్ర చూద్దాం. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో కథలకు పంచాంగం ఉండేది. చలికాలపు రాత్రులు పొడవు. పొయ్యి చుట్టూ చేరిన ఇంటిల్లిపాదికీ ఒకరు చదివి వినిపించడం ఆనవాయితీ. దాన్ని గుర్తించిన పత్రికాధిపతులు క్రిస్మస్‌కు ప్రత్యేక సంచికలు వేశారు. చార్లెస్ డికెన్స్ తన పత్రికలతో ఈ వాడుకను స్థిరపరిచాడు. ఆయన నడిపిన ‘ఆల్ ది ఇయర్ రౌండ్’లోనే 1868లో విల్కీ కాలిన్స్ ‘ది మూన్‌స్టోన్’ ధారావాహికగా వచ్చింది. ఆంగ్లంలో డిటెక్టివ్ నవలకు ఒరవడి దిద్దిన ఆ పుస్తకంతో మనకూ ఒక సంబంధముంది. తన కథకు ప్రేరణ అయిన రెండు వజ్రాల్లో కోహినూరు ఒకటని కాలిన్స్ ముందుమాటలో చెప్పుకున్నాడు. ఆ కోహినూరు కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందన్నది తరతరాల ప్రతీతి. నవలలో వజ్రం శ్రీరంగపట్నం ముట్టడి నాటి దోపిడీలో ఇంగ్లండు చేరుతుంది. 1848 జూన్ 21న, అంటే అక్కడ ఏడాదిలో పగలు అన్నిటికన్నా పొడవైన రోజుల్లో, ఒక యువతి పుట్టినరోజు కానుకగా ఆమె చేతికి అందుతుంది. ఆ రాత్రే మాయమవుతుంది. పొద్దు వాలని కాలంలో, గులాబీలు పూసే నెలలో ఆ చీకటి పని జరిగింది. తొలి నవలల్లోనే ఋతువు ఇలా కథలో భాగమైంది.

షెర్లాక్ హోమ్స్ పుట్టిందీ పండగ సంచికలోనే. 1887 నాటి ‘బీటన్స్ క్రిస్మస్ యాన్యువల్’లో ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ అచ్చయింది. దాని హక్కులకు ఆర్థర్ కానన్ డాయిల్‌కు ముట్టింది 25 పౌన్లు. తర్వాత 1892 జనవరి ‘స్ట్రాండ్’ సంచికలో వచ్చిన ‘ది బ్లూ కార్బంకుల్’ క్రిస్మస్ దాటిన రెండో నాటి ఉదయం మొదలవుతుంది. పండగ విందు కోసం తెచ్చిన పెద్దబాతు పొట్టలో దొంగిలించిన మణి దొరుకుతుంది. పండగ లేకపోతే ఆ బాతు లేదు, ఆ బాతు లేకపోతే కథే లేదు. దొరికిన దొంగను హోమ్స్ ఆఖరికి వదిలిపెట్టడానికి చెప్పిన కారణాల్లో అది క్షమించే కాలమన్నది కూడా ఒకటి.

ఇరవయ్యో శతాబ్దంలో కథకూ పండగకూ మధ్య ఈ ఒప్పందం మరింత గట్టిపడింది. అగాథా క్రిస్టీ కొత్త పుస్తకాన్ని పండగ కానుకగా అమ్మడం ఆమె ప్రకాశకులకు ఏటేటా వ్యాపార సంప్రదాయమైంది. 1938లో వచ్చిన ‘హెర్క్యూల్ పాయిరోస్ క్రిస్మస్’ డిసెంబరు 22 నుంచి 28 దాకా తేదీల వారీగా భాగాలు చేసిన నవల. ఇప్పుడు ఆ పంచాంగం మళ్లీ బలం పుంజుకుంది. జెఫర్సన్ ఫార్జియన్ 1937లో రాసి, ఆ తర్వాత మరుగున పడ్డ ‘మిస్టరీ ఇన్ వైట్’ను బ్రిటిష్ లైబ్రరీ 2014లో తిరిగి వేస్తే ఆ చలికాలంలో ఎగబడి కొన్నారు. మంచులో రైలు ఆగిపోతుంది. ప్రయాణికులు నడిచి ఒక ఇల్లు చేరతారు. పొయ్యి మండుతోంది, బల్ల మీద తేనీరు సిద్ధంగా ఉంది, ఇంట్లో మాత్రం మనిషి లేడు. అంత కాలం మరిచిపోయిన పుస్తకాన్ని పాఠకుల చేతికి తిరిగి ఇచ్చింది ఋతువే.

ఋతువుకూ డిటెక్టివ్ నవలకూ ఒక జాతి జాతంతా ముడి వేసుకున్న చోటు నార్వే. అక్కడ ఈస్టర్ సెలవులంటే అపరాధ కథల కాలం. దానికి ‘పోస్కెక్రిమ్’ అని పేరు. ఆ సంప్రదాయం ఏ రోజున పుట్టిందో కూడా చెప్పవచ్చు. నూర్దాల్ గ్రీగ్, నిల్స్ లీ అనే ఇద్దరు యువకులు మారుపేరుతో ఒక నవల రాశారు. కొండల మీదుగా బెర్గెన్‌కు వెళ్లే రైలు దోపిడీ దాని కథ. 1923 మార్చి 24న, మట్టల ఆదివారానికి ముందురోజు, ‘ఆఫ్తెన్‌పోస్తెన్’ పత్రిక మొదటి పేజీలో బెర్గెన్ రైలును రాత్రి దోచుకున్నారంటూ పెద్ద అక్షరాలు వెలిశాయి. నిజానికి అది నవల పేరు, ప్రకాశకులు ఇచ్చిన ప్రకటన. వార్తేననుకున్న జనం ఆ రైల్లో ఉన్న తమవాళ్ల కోసం కంగారుపడ్డారు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది.

ఆ ప్రకటన ఒక్క ఏడాదితో ముగిసిపోకుండా శతాబ్దపు ఆచారం కావడానికి కారణం అక్కడి ఋతువులో ఉంది. ఈస్టర్ నాటికి నార్వేలో పగళ్లు సాగుతాయి గాని కొండల్లో మంచు కరగదు. వరసగా సెలవులు, మూతపడ్డ దుకాణాలు. కుటుంబాలు కొండల మీది కొయ్య కుటీరాలకు చేరతాయి. పగలు మంచు మీద స్కీయింగ్, సాయంత్రం దీపం దగ్గర పుస్తకం. కాలక్షేపానికి మరో సాధనం లేని ఆ ఏకాంతంలో డిటెక్టివ్ నవల కుదురుకుంది. ఇప్పుడు రేడియో, టెలివిజన్ ఆ వారం అపరాధ ధారావాహికలు ప్రసారం చేస్తాయి. ఈస్టర్‌కు పాల డబ్బాల మీద కూడా చిన్న అపరాధ కథలు అచ్చు వేస్తారు.

ఇదంతా పుస్తక వ్యాపారుల చాతుర్యమేనని ఎవరైనా అనవచ్చు. వ్యాపారం ఉన్న మాట నిజమే. అయితే ప్రకాశకులు ప్రేమకథలనూ సాహసగాథలనూ కూడా పండగలకు అమ్మజూశారు. ఇంతటి గట్టి ముడి డిటెక్టివ్ కథకే ఎందుకు పడింది? దీనికి జవాబు వెతకడానికి మన శాస్త్రాలు సాయపడతాయి.

మన కావ్యాల్లో ఋతువుకు ఉన్నతమైన స్థానం ఉంది. ప్రబంధానికి చెప్పిన అష్టాదశ వర్ణనల్లో ఋతువర్ణన ఒకటి. ‘ఆముక్తమాల్యద’లోని గ్రీష్మ వర్షాల వర్ణనలు చదివినవారికి రాయలు కాలాన్ని ఎంత దగ్గరగా చూశాడో తెలుసు. అయినా అలంకారశాస్త్రం దృష్టిలో ఋతువు ఉద్దీపన విభావం. వెన్నెల, మలయమారుతం, కోకిల పాట రసాన్ని రగిలిస్తాయి. అక్కడ ఋతువు పని హృదయంతో.

ఇదే దేశంలో ఋతువును బుద్ధితో చూసిన మరో సంప్రదాయం ఉంది. గౌతముని న్యాయసూత్రాలు అనుమాన ప్రమాణాన్ని పూర్వవత్తు, శేషవత్తు, సామాన్యతోదృష్టం అని మూడు విధాలుగా విభజించాయి. మొదటి రెంటికీ వాత్స్యాయన భాష్యం ఇచ్చిన ఉదాహరణలు గమనించండి. మబ్బులు కమ్మడం చూసి వాన రాబోతోందని ఊహించడం పూర్వవత్తు. నది నిండుగా, వడిగా పారడం చూసి ఎగువన వాన కురిసిందని ఊహించడం శేషవత్తు. కార్యాన్ని చూసి, కంటికి కనబడని కారణానికి వెనక్కి నడవడమే ఈ రెండోది. అపరాధ పరిశోధకుడి వృత్తి అంతా ఇదే. మన తార్కికులు తర్కానికి ఉదాహరణ కావాలనుకున్నప్పుడు ఋతువు దగ్గరికే వెళ్లారు. ఎందుకంటే ఋతువుకు నియమముంది. నియమం తెలిసినచోటే ఊహకు ప్రమాణబలం వస్తుంది.

డిటెక్టివ్ నవల ఈ రెండో సంప్రదాయానికి చెందినది. కొన్ని నవలల్లోకి వెళ్లి ఈ మాటను పరీక్షిద్దాం. చదవబోయేవారి హక్కు దృష్ట్యా దోషుల పేర్లు మాత్రం చెప్పను.

అగాథా క్రిస్టీ తొలి నవల ‘ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్’ 1920లో వెలువడింది. కథాకాలం 1916 జూలై, మొదటి ప్రపంచ యుద్ధ సమయం. ఇంటి యజమానురాలు విషప్రయోగంతో చనిపోతుంది. ఆమె గదిలో చలిమంట వేసిన ఆనవాళ్లు డిటెక్టివ్ పాయిరోకు కనిపిస్తాయి. ఆ రోజు నీడలోనే 80 డిగ్రీల ఫారన్‌హీట్. అంత ఉక్కలో మంట ఎందుకు? యుద్ధకాలపు పొదుపు వల్ల ఆ ఇంట్లో చిత్తుకాగితం కూడా పారేయరు. కాబట్టి దళసరి దస్తావేజును ఎవరి కంటా పడకుండా నాశనం చేయాలంటే నిప్పు తప్ప దారి లేదు. వేసవిలో వెలిగిన మంట ఒక వీలునామా కాలిపోయిందని చెప్పింది. జనవరిలో అయితే అదే మంట ఏమీ చెప్పదు. నిప్పు నిప్పే, దానికి నోరిచ్చింది ఋతువు.

డొరొతీ సేయర్స్ 1928లో రాసిన ‘ది అన్‌ప్లెజెంట్‌నెస్ ఎట్ ది బెల్లోనా క్లబ్’ నవంబరు 11న మొదలవుతుంది. అది యుద్ధవిరమణ దినం. ఆనాటి బ్రిటన్‌లో ఆ రోజు కోటుకు ఎర్రటి పాపీ పువ్వు పెట్టుకోకుండా బయటికి వచ్చినవాడు అరుదు. మాజీ సైనికుల క్లబ్బులో, తన కుర్చీలో ఒక వృద్ధ జనరల్ చనిపోయి కనిపిస్తాడు. ఆయన ఏ గడియలో చనిపోయాడన్నదాని మీద పెద్ద ఆస్తి ఆధారపడి ఉంది. కోటు మీద పాపీ లేదు. దేశభక్తుడైన సేనాని ఆ రోజున పువ్వు లేకుండా గడప దాటతాడా? లేని పువ్వు అక్కడ గడియారం కన్నా కచ్చితంగా కాలం చెప్పింది.

జపాను రచయిత సెయిషి యోకోమిజో ఈ కళను మరో మెట్టు ఎక్కించాడు. ‘ది హోన్‌జిన్ మర్డర్స్’ అన్న ఆయన నవల 1946లో ధారావాహికగా వచ్చింది. పెళ్లినాటి రాత్రి గదిలో వధూవరులు హతులవుతారు. బయట మంచు కురిసింది. తోటలో కత్తి దిగి ఉంది గాని మంచు మీద అడుగుజాడ లేదు. ఆ తర్వాత రాసిన ‘గోకుమోన్ దీవి’ నవలలో మూడు హత్యలు మూడు హైకూల నమూనాలో జరుగుతాయి. సంప్రదాయ హైకూలో ఋతువును సూచించే మాట తప్పనిసరి అని మీకు తెలుసు. ఆ హైకూల్లో ఒకటి వసంతంలో కూసే పిట్టకు సంబంధించినది. కథ జరుగుతున్నది శరత్తులో. ఈ పొంతన లేకపోవడాన్ని ఒక పాత్ర నోరుజారి బయటపెడుతుంది. అది వినగలిగిన పాఠకుడికి తాళంచెవి దొరికినట్టే. ఋతువును పట్టి కవిత చదివే జాతి, అదే పఠన విద్యను నేరాన్ని చదవడానికి వాడుకుంది. ఇందాక వేర్వేరుగా చెప్పిన రెండు సంప్రదాయాలు, ఉద్దీపనమూ అనుమానమూ, ఆ నవలలో ఒక్కటయ్యాయి.

వేసవిలో మంట, నవంబరులో లేని పువ్వు, శరత్తులో వసంతపు పిట్ట: ఈ మూడూ అకాలాలే. ప్రకృతి తన నియమం తప్పదు. తప్పింది మనిషి. హంతకుడు మనుషుల సాక్ష్యాన్ని కొనగలడు, గడియారాల ముళ్లు తిప్పగలడు, ఉత్తరాలు కల్పించగలడు. ఋతువును మాత్రం లొంగదీసుకోలేడు.

రెండు ప్రపంచ యుద్ధాల నడుమే ఈ సాహిత్యం స్వర్ణయుగం చూడడానికి కారణం కూడా ఇక్కడే కనిపిస్తుంది. 1914 నుంచి 1918 దాకా ఐరోపాలో ఒక తరం అకాలమృత్యువు పాలైంది. ఆ చావులకు లెక్క లేదు, విచారణ లేదు. ఆ తర్వాతి పాఠకుడు ఒక్క చావుకైనా పూర్తి విచారణ జరిగే కథను కోరుకున్నాడు. 1929లో రోనాల్డ్ నాక్స్ ఈ కథలకు పది నియమాలు రాశాడు. 1930లో లండన్‌లో రచయితలు డిటెక్షన్ క్లబ్ పెట్టుకున్నారు. పాఠకుడికి తెలియని ఆధారం డిటెక్టివ్‌కు దొరకకూడదన్నది వారి ధర్మం. అందరికీ సమానంగా కనిపించే ఆధారాల్లో అన్నిటికన్నా బహిరంగమైనది ఋతువు. ఆ ధర్మంలో అది సహజంగానే ఇమిడింది.

ఈ దృష్టితో సేయర్స్ 1934లో ప్రచురించిన ‘ది నైన్ టేలర్స్’ ఈ శాఖలో అత్యున్నత కృతి అని నా అభిప్రాయం. డిసెంబరు 31 రాత్రి, తూర్పు ఇంగ్లండులోని పల్లపు చిత్తడి నేలల్లో, మంచులో డిటెక్టివ్ లార్డ్ పీటర్ విమ్సీ కారు కాలవగట్టు దిగిపోతుంది. ఊళ్లో విషజ్వరాలు. చర్చి గంటలు మోగించేవారిలో ఒకడు మంచం పట్టాడు. ఆ లోటు తీర్చడానికి విమ్సీ తొమ్మిది గంటల పాటు, కొత్త సంవత్సరం తెల్లవారేదాకా గంట తాడు లాగుతాడు. ఈస్టర్ నాటికి ఒక సమాధి తవ్వితే అందులో ఉండకూడని శవం బయటపడుతుంది. మరుసటి చలికాలం కట్టలు తెగి వరద ఊరిని ముంచుతుంది. జనమంతా పశువులతో, సామానుతో ఎత్తున ఉన్న చర్చిలో తలదాచుకుంటారు. సంవత్సరం చుట్టూ తిరిగి వచ్చేదాకా ఆ చావు గుట్టు పూర్తిగా విడదు. ఆ కొత్త సంవత్సరపు రాత్రికీ ఆ మరణానికీ ఉన్న సంబంధం తెలిశాక, ఒక ఋతువులో జరిగిన పనికి మరో ఋతువు తీర్పు చెప్పిందని పాఠకుడికి అర్థమవుతుంది. ఆ నవలను ఒకే రాత్రి ముగించడం కన్నా, ఏడాదిలో మూడు విడతలుగా చదివితే దాని నిర్మాణం తేటపడుతుంది.

ఫ్రెంచి భాషలో రాసిన బెల్జియం రచయిత జార్జ్ సిమెనోన్ పద్ధతి వేరు. ఆయన కమిషనర్ మేగ్రే కొలతలు తీసుకోడు, వాతావరణాన్ని పీల్చుకుంటాడు. 1931 నాటి ‘ది యెల్లో డాగ్’ నవంబరు తుపాను గాలిలో, రేవు పట్టణం కోంకార్నోలో మొదలవుతుంది. 1955 నాటి ‘మేగ్రే సెట్స్ ఎ ట్రాప్’ ఆగస్టు ఉక్కలో, పారిస్‌లోని మోంమార్త్ర్ వీధుల్లో నడుస్తుంది. మేగ్రే చెమటనూ చలినీ అనుభవిస్తూ అవతలి మనిషి చర్మంలోకి వెళ్తాడు. ఇక్కడ ఋతువు వస్తువుల గురించి కాక, మనసుల గురించి సాక్ష్యమిస్తుంది.

ఇప్పుడు మన సంగతి. అక్కడి ఋతువు మన ఋతువు కాదు. స్టైల్స్ భవనంలో అందరినీ ఉక్కిరిబిక్కిరి చేసిన 80 డిగ్రీలు మన లెక్కలో 27 సెల్సియస్. మే నెల మధ్యాహ్నం మనకది వరం. మంచులో అడుగుజాడలు మనలో చాలామంది చూసి ఎరగరు. అలాంటప్పుడు కాలంతో పాటు చదవడమంటే ఏమిటి? ఉష్ణోగ్రతకు ఉష్ణోగ్రత జోడించడం కాదు, ఋతువు చేసే పనిని పోల్చుకోవడం. అక్కడ మంచు దారులు మూస్తుంది, ఇక్కడ వాగులు పొంగి మూస్తాయి. శ్రావణ భాద్రపదాల్లో కల్వర్టు తెగి ఊరు ఒంటరిదైనప్పుడు, సముద్రపు హోరులో దీవి తెగిపోయే ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ చదవండి. గ్రీష్మంలో ‘స్టైల్స్’, మేగ్రే పన్నిన వల. కార్తికంలో ‘బెల్లోనా క్లబ్’. పుష్యమాసపు రాత్రుల్లో ‘నైన్ టేలర్స్’ తొలి అధ్యాయాలు.

మనకూ ఒక పఠన ఋతువు ఉండేది. నార్వేకు ఈస్టర్ ఎలాగో మన డిటెక్టివ్ నవలలకు వేసవి సెలవులు అలాగ. అద్దె పుస్తకాల దుకాణాల్లో రోజు అద్దెకు తెచ్చిన కొమ్మూరి సాంబశివరావు నవలల్లో, డిటెక్టివ్ యుగంధర్ వెంట, అసిస్టెంటు రాజు వెంట నడుస్తూ మధ్యాహ్నాలు గడిపిన తరం ఈ సభలోనే ఉంది. మన కుటుంబాల్లో ఎందరికో చదివే వేగం అక్కడే అబ్బింది. ఆ నవలలు చాలావరకు నగరపు కార్ల మీద, టెలిఫోన్ల మీద, రివాల్వర్ల మీద నడిచాయి. మన ఋతువులను సాక్షుల బోనులోకి పిలవడం మాత్రం అరుదు. ఇది నింద కాదు, మిగిలిపోయిన పని.

ఆ పనికి మన దగ్గర ఉన్న సామగ్రి ఐరోపాకు లేదు. వారికి నాలుగు ఋతువులు, మనకు ఆరు. అంతకన్నా సన్నటి కొలత రైతు చేతిలో ఉంది. ఇరవై ఏడు కార్తెలు, ఒక్కొక్కటి దాదాపు రెండు వారాలు. రోళ్లు పగిలే రోహిణి, చినుకు పడే మృగశిర, నేల మీద ఎర్రటి మఖమల్ పురుగు కనిపించే ఆరుద్ర. రేగుపండు సంక్రాంతి నాటిది, ఇప్పపువ్వు ఎండలు ముదిరే ముందుది, తాటిముంజె గ్రీష్మానిది, సీతాఫలం శరత్తుది. గ్రీష్మంలో, నాలుగు నెలలుగా తాళం వేసి ఉందని చెబుతున్న ఇంట్లో, చూరు కింద ఎండిన ముంజెకాయ డొక్క దొరికితే ఆ మాట అబద్ధమని పల్లెలో పుట్టిన ఏ డిటెక్టివ్ అయినా చెప్పగలడు. అందుకు ప్రయోగశాల అక్కర్లేదు, మన నేల మీద బతికిన జ్ఞానం చాలు. ఆ జ్ఞానమే ఇప్పుడు తరిగిపోతోంది. అన్ని కాయలూ అన్ని నెలల్లో దొరికే అంగళ్లలో అకాలం కంటికి ఆనదు. ఋతువులు కూడా మునుపటి గీతలు దాటుతున్న ఈ రోజుల్లో, కాలాన్ని గమనించే చూపును కాపాడుకోవడం సాహిత్య విషయం మాత్రమే కాదు.

అందుచేత రెండు విన్నపాలు చేసి ముగిస్తాను. మొదటిది గ్రంథాలయాలకు. ప్రతి శాఖలో ఒక అరను ఋతువుకు కేటాయించండి. రెండు నెలలకోసారి దాన్ని మార్చండి. తెలుగులోకి వచ్చిన అనువాదాలనూ మన డిటెక్టివ్ నవలలనూ కాలాన్ని బట్టి అందులో పేర్చండి. చిరిగిపోతున్న పాత నవలల ప్రతులు ఎవరి అటకల మీద ఉన్నా అడిగి తెచ్చి భద్రపరచండి. రెండోది రచయితలకు. ఒక్క నేరాన్ని మన కార్తెల్లో ఏదో ఒక దాని మీద ఆనించి, ఆ కార్తె తెలియనిదే చిక్కు విడిపోని నవల రాయండి. తర్కానికి తొలి ఉదాహరణలను వానలోనూ వరదలోనూ చూపిన దేశంలో అలాంటి నవల రావడం న్యాయం. దాన్ని చదవడానికి పాఠకులు సిద్ధంగా ఉన్నారు.